పాత కార్ల హీటర్లలో అసలు రూపభేదాలను గుర్తించడం ఎలా

చెన్నైలోనూ బెంగళూరులోనూ పాత కార్లను పదిలంగా కాపాడుకుంటున్న తెలుగువారు చాలామందే ఉన్నారు. రంగు, బంపర్లు, సీట్ల తోలు, మీటర్ల ముఖాలు మొదలైనవాటి అసలుతనం గురించి వారు సాధికారంగా మాట్లాడగలరు. డ్యాష్‌బోర్డు కింద ఒక మూలకు బిగించిన హీటరు విషయంలో మాత్రం ఆ శ్రద్ధ కనిపించదు. జనవరి రాత్రి కూడా ఇంట్లో ఫ్యాను తిరగక తప్పని చెన్నైలో కారుకు హీటరు ఎందుకన్న ప్రశ్న సహజమే. ఆ ప్రశ్న వల్లనే ఇక్కడి బండ్లలో ఉన్న హీటర్లను ఎందరో ఎప్పుడో ఊడదీసి అటకెక్కించారు, లేదా తూకానికి అమ్మేశారు. ఇప్పుడు పునరుద్ధరణ పేరుతో ఎక్కడిదో ఒక హీటరును తెప్పించి, ఉన్న రంధ్రాలు చాలకపోతే కొత్తవి కొట్టించి మరీ బిగిస్తున్నారు. మొదటి పని కన్నా ఈ రెండో పని వల్లనే ఎక్కువ ఆధారాలు చెరిగిపోతున్నాయని నా అభిప్రాయం.

ఒక హీటరు ఆ కారుకు పుట్టుకతో వచ్చిందా, తరువాత చేరిందా, చేరితే ఎవరి చేతి మీదుగా చేరింది అన్నది తేల్చడానికి హీటరు పెట్టె ఒక్కటే చాలదు. బాడీ రేకు, ఇంజను, వైరింగు, హీటరు మీది పలక ఈ నాలుగూ ఒకే మాట చెప్పాలి. వాటిలో ఒక్కటి ఎదురు తిరిగినా నిర్ణయాన్ని వాయిదా వేయడమే మంచిది. దక్షిణాది బండ్లకు సంబంధించి ఇంకొక మాట కూడా చేర్చాలి. హీటరు లేకుండా వచ్చిన కారులో రంధ్రాలను మూసిన బిళ్ళలు, ఇంజను తల మీద మూతపలక, డ్యాష్‌బోర్డులో స్విచ్చికి బదులు పెట్టిన బొత్తం కూడా ఫ్యాక్టరీ ఇచ్చిన అసలు భాగాలే. వాటిని తీసి పారేసి హీటరు పెట్టినవారు బండిని అసలు రూపానికి తెచ్చినట్టు కాదు.

అసలుతనంలో మూడు అంతస్తులు

పాత కార్ల హీటర్లలో ఎక్కువ భాగం అదనపు ధర చెల్లించి కొనుక్కున్నవి. బ్రిటిష్ కార్లలో 1950లలోనూ 1960ల తొలి ఏళ్ళలోనూ ఇది సర్వసాధారణం. 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌కు గాని, 1962లో వచ్చిన ఎంజీబీకి గాని తొలినాళ్ళలో హీటరు కావాలంటే విడిగా డబ్బు కట్టవలసిందే. అందువల్ల అసలు అన్న మాటను మూడు అంతస్తులుగా విడదీసుకోవాలి. ఫ్యాక్టరీలో బండి తయారవుతున్నప్పుడే బిగించినది మొదటిది. కంపెనీ తన పేరుతోనే కిట్టుగా అమ్మితే డీలరు తన షెడ్డులో బిగించినది రెండవది. బయటి సంస్థ తయారుచేసినదాన్ని యజమాని ఆ కాలంలోనే కొని పెట్టించుకున్నది మూడవది. మూడూ గౌరవించదగినవే. కాని ఒకదాన్ని మరొకటిగా చెప్పి అమ్మడం మోసం కిందికే వస్తుంది.

డీలరు బిగించిన హీటరులో రంధ్రాలు చేతి డ్రిల్లుతో కొట్టినవై ఉండవచ్చు. అంతమాత్రాన అది నిన్నమొన్నటిదని తేల్చకూడదు. రంధ్రపు అంచు మీద అరవై ఏళ్ళ తుప్పు, నూనె మరకలు, పాత రబ్బరు గ్రొమెట్ (రంధ్రపు అంచుకు తొడిగే వలయం) నొక్కిన గుర్తు ఉంటే డీలరు పనిగా భావించవచ్చు. అంచు దగ్గర మెరిసే లోహమో, పచ్చి ప్రైమరో కనిపిస్తే అది ఇటీవలి టింకరు పని.

ఎన్ని రకాలు

వేడిని ఎక్కడి నుంచి తీసుకుంటుందన్న దాన్ని బట్టి హీటర్లను విభజించుకుంటే చిక్కు చాలావరకు విడిపోతుంది. పొగగొట్టం లేదా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చుట్టూ తొడుగు వేసి, అక్కడ కాగిన గాలిని క్యాబిన్‌లోకి పంపేవి తొలితరం. ఇంజను నీటిని చిన్న రేడియేటర్ లాంటి కోరులోకి పంపి, దాని వెనక ఫ్యాను పెట్టి గాలి ఊదేవి రెండవ తరం. పెట్రోలును విడిగా మండించి వేడి పుట్టించేవి మూడవ రకం. గాలితో చల్లబడే ఇంజన్లున్న ఫోక్స్‌వ్యాగన్ వంటి కార్లలో ఇంజను గాలినే వాడుకునేవి నాలుగవ రకం. మన ప్రాంతంలో తారసపడేవి ఎక్కువగా రెండవ రకానికి చెందినవి కనుక వాటి మీదనే ఎక్కువ సేపు నిలుస్తాను.

ఆ నీటి హీటర్లలో మళ్ళీ రెండు ముఖ్యమైన రూపాలున్నాయి. క్యాబిన్‌లో ఉన్న గాలినే లోపలికి లాక్కుని వేడిచేసి తిరిగి వదిలేది ఒకటి. బయటి గాలిని గొట్టం ద్వారా తెచ్చుకుని వేడిచేసేది మరొకటి. అమెరికాలో న్యాష్ కంపెనీ 1938 మోడల్లో బయటి గాలిని వడపోసి, వేడిచేసి, కొద్ది ఒత్తిడితో లోపలికి నింపే ఏర్పాటును తెచ్చింది. 1939 మోడల్లో దానికి థర్మోస్టాట్ జోడించి వెదర్ ఐ అన్న పేరుతో అమ్మింది. బ్రిటిష్ చిన్న కార్లు ఈ దారికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మోరిస్ మైనర్‌లో డ్యాష్‌బోర్డు కింద గుండ్రంగా కనిపించే స్మిత్స్ కంపెనీ హీటరు లోపలి గాలినే తిప్పేది; 1960ల తొలి ఏళ్ళలో గాని దాని స్థానంలో బయటి గాలి హీటరు రాలేదు. ఇక్కడ బేబీ హిందుస్థాన్‌గా తిరిగిన బండి ఆ మైనరు తొలి రూపమే. కాబట్టి దానిలో బయటి గాలి హీటరు కనిపిస్తే అది తరువాతి కాలపు ఇంగ్లండు బండి నుంచి వచ్చిందని సందేహించాలి.

మొదట ఫైర్‌వాల్‌ను చదవండి

హీటరును ముట్టుకోకముందే ఇంజను గదికీ క్యాబిన్‌కూ మధ్య ఉండే ఫైర్‌వాల్‌ను రెండు వైపుల నుంచీ పరిశీలించండి. మంచి టార్చిలైటు, పళ్ళు తోముకునే పాత బ్రష్షు, కిరోసిన్‌తో తడిపిన గుడ్డ, చిన్న అద్దం ఉంటే చాలు. మురికిని కరిగించి తుడవండి గాని గీకవద్దు, ఎందుకంటే రంగు పొరలే ఇక్కడ మనకు సాక్ష్యం.

లోపలి గాలి హీటరుకు ఫైర్‌వాల్‌లో పెద్ద రంధ్రంతో పని లేదు. నీరు వచ్చే గొట్టానికీ పోయే గొట్టానికీ రెండు చిన్న రంధ్రాలు, బిగింపు బోల్టులకు ఇంకొన్ని, వైరుకు ఒకటి ఉంటే సరిపోతుంది. బయటి గాలి హీటరుకు వీటితోపాటు అరచేయి దూరేంత గాలిమార్గం తప్పనిసరి. అది ఫైర్‌వాల్‌లోనో, అద్దం కింది గాలిపెట్టెలోనో, ముందు జాలీ పక్కనుంచి వచ్చే గొట్టం చివరనో ఉంటుంది. డ్యాష్‌బోర్డు కింద బయటి గాలి హీటరు ఉండి, ఆ పెద్ద మార్గం లేకపోయినా, ఉన్న మార్గాన్ని కత్తెరతో రేకు కోసి చేసినట్టు కనిపించినా కథ అక్కడితో తేలిపోయినట్టే. దీనికి మించిన స్పష్టమైన గుర్తు మరొకటి లేదు.

ఫ్యాక్టరీలో ప్రెస్సు మీద గుద్దిన రంధ్రానికి అంచు శుభ్రంగా, చుట్టూ ఒకే కొలతతో ఉంటుంది. చాలాసార్లు దాని చుట్టూ రేకును కొంచెం నొక్కి చదును చేసిన వలయం కూడా కనిపిస్తుంది, ఎందుకంటే గ్రొమెట్ గాని మూతబిళ్ళ గాని అక్కడ గట్టిగా కూర్చోవాలి. డ్రిల్లు రంధ్రానికి అటువంటి వలయం ఉండదు. వెనకవైపు గరుకు అంచు మిగులుతుంది. రంధ్రపు మందంలోని రంగు పొరలను భూతద్దంతో చూడండి. ఫైర్‌వాల్ మీద అడుగున ఉన్న తొలి రంగు అంచు మందం మీద కూడా ఉంటే, రంగు వేయకముందే ఆ రంధ్రం ఉందన్నమాట. పై పొర మాత్రమే ఉంటే అది మధ్యలో ఎప్పుడో జరిగిన మరమ్మతు నాటిది.

రంధ్రం ఉన్నంత మాత్రాన హీటరు ఉండేదని కూడా అనుకోకండి. కంపెనీలు ఒకే అచ్చుతో అన్ని దేశాలకూ రేకు గుద్దేవి. చలి దేశానికి వెళ్ళే బండికి హీటరు, వేడి దేశానికి వెళ్ళే బండికి మూతబిళ్ళ పెట్టేవి. హీటరు కొంతకాలం ఉండి పోయిందా, ఎన్నడూ లేదా అన్నది తెలుసుకోవడానికి బిగింపు బోల్టుల చుట్టూ చూడాలి. వాషరు ఎన్నో ఏళ్ళు ఒత్తుకుని ఉన్నచోట రంగు మీద గుండ్రని నీడ మిగులుతుంది. హీటరు కేసు ఆనుకున్నచోట కూడా రంగు తక్కువగా వెలిసి ఉంటుంది. మూతబిళ్ళ రబ్బరు ఎండి, రేకుకు అతుక్కుని, తీయబోతే ముక్కలైపోతుంటే అది ఫ్యాక్టరీ నుంచి వచ్చినదై ఉండే అవకాశం ఎక్కువ; అప్పుడు తీయడం ఆపేయండి.

అద్దం కింద ఉండే సన్నని చీలికలు కూడా చూడాలి. ఇవి అద్దం మీది తేమను తుడిచే వేడిగాలి బయటికి వచ్చే దారులు. చీలికలుండి వాటి వెనక గొట్టం తగిలించే మూతి లేకపోతే ఆ కారు హీటరు లేకుండా వచ్చినదై ఉండవచ్చు. గొట్టం ఉంటే దాని పదార్థాన్ని గమనించండి. పాతవి కాగితం గాని గుడ్డ గాని తీగ చట్రం మీద ముడతలుగా చుట్టినవి. మెరిసే ప్లాస్టిక్ గొట్టం ఉంటే అది మార్చినదే.

ఇంజను చెప్పే సాక్ష్యం

బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి ఏ-సిరీస్, బీ-సిరీస్ ఇంజన్లలో హీటరుకు నీరు వెళ్ళే కుళాయి సిలిండర్ హెడ్ వెనక కొసన, రెండు స్టడ్లతో బిగించి ఉంటుంది. తొలి ఏళ్ళ తరువాతి మోరిస్ మైనర్, ఎంజీబీ, మన అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజను ఈ కుటుంబాలకు చెందినవే. హీటరు లేని బండిలో అదే చోట చిన్న మూతపలక, దాని కింద గ్యాస్కెట్ ఉంటాయి. వేడి నీరు హీటరు నుంచి తిరిగి వచ్చే సన్నని లోహపు గొట్టం ఇంజను పక్కగా సాగి రేడియేటర్ కింది హోస్‌కు కలుస్తుంది. చాలా బండ్లలో హీటరు కారినప్పుడు మెకానిక్కులు దానిని తీసేసి, కుళాయి నుంచి ఈ తిరుగు గొట్టానికి నేరుగా ఒక హోస్ ముక్క తగిలించి వదిలేస్తారు. అలాంటి అతుకు కనిపిస్తే సంతోషించండి, ఆ కారుకు ఒకప్పుడు హీటరు ఉండేదనడానికి అది మంచి ఆధారం.

చెన్నైవారికి స్టాండర్డ్ హెరాల్డ్ మీద ప్రత్యేకమైన మమకారం ఉంటుంది. ఆ బండి 1961 నుంచి ఇక్కడే, వండలూరు వైపున్న స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కర్మాగారంలో తయారైంది. దాని ఇంజనులో కూడా హీటరు వాల్వు స్థానం హెడ్ వెనకవైపే ఉంటుంది గాని, తిరుగు గొట్టం వాటర్ పంపు గృహానికి వస్తుంది. పంపు మీద ఆ మూతికి ఇత్తడి బిరడా బిగించి ఉంటే, బిరడా మీద పానా గుర్తులు ఉన్నాయో లేదో చూడండి. ఎన్నడూ కదలని బిరడా ఒక రకం సాక్ష్యం, పదిసార్లు విప్పినది మరో రకం. పంపు మొత్తం మారి ఉండవచ్చు కనుక హెడ్ వెనక భాగం చెప్పేదానికి ఎక్కువ విలువ ఇవ్వండి; హెడ్ కూడా మారిన బండ్లు లేకపోలేదు. అందుకే ఒక్క సాక్షిని నమ్మి తీర్పు చెప్పకూడదంటున్నాను.

హోస్ క్లిప్పులు చిన్నవిగా కనిపిస్తాయి గాని వాటికీ వయసు తెలుస్తుంది. స్క్రూ తిప్పి బిగించే జూబిలీ క్లిప్ 1921 నాటి బ్రిటిష్ ఆవిష్కరణ, కనుక పాత బ్రిటిష్ కారులో అది ఉండటం సహజమే. అమెరికన్ కార్లలో తీగను మెలితిప్పిన స్ప్రింగు క్లిప్పులు ఎక్కువ. క్లిప్పులు సులభంగా మారేవి కాబట్టి వాటిని చివరి సాక్షిగానే పిలవాలి.

కుడిచేతి స్టీరింగు తెచ్చే తేడా

అమెరికన్ షెవ్రొలే, ఫోర్డ్, డాడ్జ్ కార్లు మన దేశానికి కుడిచేతి స్టీరింగుతో వచ్చేవి. ఫోర్డ్ మద్రాసు, బొంబాయి, కలకత్తాలలోనూ, జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలోనూ బండ్లను కూర్చేవి. డ్యాష్‌బోర్డు కింద బిగించే హీటరు సాధారణంగా ప్రయాణికుడి కాళ్ళ వైపు ఉంటుంది కనుక, అమెరికాలో కుడివైపు ఉండేది ఇక్కడ ఎడమవైపుకు రావాలి. గుండ్రని హీటరు ఎటు పెట్టినా సరిపోతుంది. గాలిమార్గం ఒక పక్కకే తెరుచుకునే పెట్టె హీటరు అలా సరిపోదు. ఇటీవల అమెరికా నుంచి తెప్పించిన హీటరును కుడిచేతి బండికి పెట్టినప్పుడు నీటి మూతులు తప్పు దిక్కుకు చూస్తాయి, హోస్‌లు ఇంజను చుట్టూ అనవసరంగా తిరిగి వస్తాయి, వేడిగాలి వదిలే చిన్న తలుపు కారు డోరు వైపు తెరుచుకుంటుంది. హీటరు ఎంత స్వచ్ఛమైన పాతదైనా ఆ కారుకు అది పరాయిదే.

పెట్టె, పలక, స్క్రూ

ఇప్పుడు హీటరు దగ్గరకు వద్దాం. బ్రిటిష్ కార్లకు స్మిత్స్, జనరల్ మోటార్స్ కార్లకు లాక్‌పోర్ట్‌లోని హ్యారిసన్ రేడియేటర్ విభాగం, విడిగా కొనే అమెరికన్ హీటర్లకు ఆర్విన్ వంటి సంస్థలు ప్రసిద్ధం. ఆర్విన్ హీటర్లను తయారుచేసిన నోబ్లిట్-స్పార్క్స్ సంస్థే 1950లో తన పేరును ఆర్విన్ ఇండస్ట్రీస్‌గా మార్చుకుంది; కాబట్టి పలక మీద ఏ సంస్థ పేరు ఉందన్నది కూడా కాలాన్ని కొంత పట్టిస్తుంది.

పలక మీద సంఖ్యను యథాతథంగా రాసుకోండి. స్మిత్స్ వస్తువులలో అక్షరాలు, అంకెలు, ఆ తరువాత గీత, గీత తరువాత మరికొన్ని అంకెలు వస్తాయి. బయటికి ఒకే తీరుగా కనిపించే రెండు హీటర్ల మధ్య నీటి మూతి వంపో, బిగింపు చెవుల స్థానమో, మోటారో మారిందన్న సంగతి సంఖ్యలోని చిన్న తేడాలోనే దాగి ఉండవచ్చు. అందుకని చివరి అంకెలను వదిలి రాసుకోవడం వృథా. పలక రివెట్లను కూడా పరీక్షించండి. వాటి తలలు ఒకే తీరుగా, చుట్టూ రంగుతో కలిసిపోయి ఉండాలి; పాప్ రివెట్ నడిమి గుంట కనిపిస్తే ఎవరో పలకను ఒక కేసు నుంచి మరొక కేసుకు మార్చి ఉండవచ్చు.

స్క్రూలను చూసి నేను ఎక్కువగా నిర్ణయిస్తాను. పాత బ్రిటిష్ విద్యుత్ పరికరాలలో బీఏ (బ్రిటిష్ అసోసియేషన్) కొలతల మరలు వాడేవారు. 2 బీఏ మర వ్యాసం 4.7 మిల్లీమీటర్లు, మరకూ మరకూ మధ్య 0.81 మిల్లీమీటర్లు. మన కొట్లలో దొరికే ఎం5 మర వ్యాసం 5 మిల్లీమీటర్లు, మరల మధ్య దూరం 0.8. ఈ రెండింటి దగ్గరతనమే అనర్థం. తొందరపడిన చేయి ఎం5ను 2 బీఏ రంధ్రంలోకి బలంగా తిప్పేస్తుంది, అది పోతుంది కూడా, కాని పాత మర శాశ్వతంగా నలిగిపోతుంది. అందుచేత ఒక మరకొలత దువ్వెన కొనుక్కోండి. ఫియట్, ఫోక్స్‌వ్యాగన్ బండ్లలో మెట్రిక్ మరలు ఉండటం సహజం. 1950ల స్మిత్స్ హీటరు కేసులో కనిపిస్తే అది మరమ్మతే. ప్లస్ గుర్తు స్క్రూలు అమెరికన్ కార్లలో 1930ల చివరి నుంచి కనిపిస్తాయి కాబట్టి అంతకు ముందటి ఫోర్డ్ ‘మోడల్ ఏ’ కారు నాటిదని చెప్పే హీటరులో అవి ఉండకూడదు.

రంగు గురించి ఒక మాట. ముడతలు పడినట్టుండే నలుపు, సుత్తితో కొట్టినట్టు చుక్కలుగా మెరిసే బూడిద రంగు ఆ కాలపు హీటర్లకు మామూలు. ఇప్పుడు డబ్బాలో దొరికే స్ప్రే కూడా దూరం నుంచి అలాగే కనిపిస్తుంది. కేసు లోపలి మడతలో, చిన్న తలుపుల కీలు వెనక చూస్తే పాత రంగు మిగిలి ఉంటుంది. కోరు మారిపోయిందని బాధపడనవసరం లేదు. రాగి, ఇత్తడి కోర్లు కారడం, వాటిని రేడియేటర్ కొట్టులో మళ్ళీ కట్టించుకోవడం ఆ రోజుల్లోనూ జరిగిన పనే. కేసు, పక్క ట్యాంకులు, పలక అసలైనవైతే నేను ఆ హీటరును అసలుదిగానే లెక్కిస్తాను. దీనితో విభేదించేవారున్నారు.

మోటారూ విద్యుత్తూ

అమెరికన్ కార్లు 1950ల నడిమి ఏళ్ళలో 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు మారాయి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 1967 మోడల్లో మారింది. 6 వోల్టుల మోటారులో చుట్టిన తీగ లావుగా, చుట్లు తక్కువగా ఉంటాయి. 12 వోల్టుల బండిలో 6 వోల్టుల మోటారు ఒక నిరోధకంతో నడుస్తూ ఉంటే, ఆ బండి విద్యుత్తు మారినా హీటరు మిగిలిందని అర్థం. ఇది నిజానికి హీటరు పాతదనడానికి బలమే.

బ్రిటిష్ బండ్లలో ఇంకొక మెలిక ఉంది. 1960ల నడిమి వరకు చాలావాటిలో బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి ఎర్తు చేసేవారు. ఎంజీబీలో 1967లో ఇది నెగెటివ్‌కు మారింది. ఇక్కడి ఎలక్ట్రీషియన్లు పాత బండ్లను ఎన్నిటినో నెగెటివ్‌కు మార్చేశారు. మోటారులో తీగచుట్టతో చేసిన ఫీల్డు (అయస్కాంతంగా పనిచేసే భాగం) ఉంటే వైర్లు తారుమారైనా అది అదే దిక్కుకు తిరుగుతుంది. శాశ్వత అయస్కాంతం ఉంటే వెనక్కి తిరుగుతుంది, అప్పుడు గాలి నీరసంగా వస్తుంది. బల్ల మీద పెట్టి, తక్కువసేపు, రెండు రకాలుగా వైర్లు తగిలించి చూస్తే ఏ రకమో తెలిసిపోతుంది. అయస్కాంతపు మోటార్లు తరువాతి కాలానివి కనుక 1950ల తొలినాళ్ళ కేసులో అటువంటిది ఉంటే మోటారు మారిందనే అనుమానించాలి. ఫ్యాను రెక్క రేకుదా, ప్లాస్టిక్‌దా అన్నది కూడా అప్పుడే చూసుకోండి.

లూకాస్ కంపెనీ స్విచ్చుల మీదా మోటార్ల మీదా నెల, సంవత్సరం అంకెలలో గుద్ది ఉంటాయి. ఆ తేదీ బండి తయారైన తేదీకన్నా కొన్ని వారాలో నెలలో ముందుండాలి. తరువాతి తేదీ ఉంటే ఆ భాగం ఫ్యాక్టరీ నుంచి వచ్చినది కాదు. వైర్లలో నూలు అల్లిక పాతది, ప్లాస్టిక్ తొడుగు ఆ తరువాతిది. ఒకే హీటరుకు పోయే వైర్లలో ఈ రెండూ కలిసి ఉంటే మధ్యలో ఎక్కడ అతికారో వెతకండి.

బీటిల్ విషయం

బీటిల్‌లో ఫ్యాను మోటారు లేదు, నీరు లేదు, అయినా రూపభేదాలను పట్టుకోవడం తేలిక. 1963 మోడల్‌కు ముందు ఇంజను సిలిండర్ల మీదుగా వచ్చిన గాలినే క్యాబిన్‌లోకి వదిలేవారు. ఇంజనులో ఏ నూనె కాలినా వాసన లోపలికి వచ్చేది. 1962 చివరలో వచ్చిన మార్పుతో ఫ్యాను గృహం నుంచి తాజా గాలి రెండు లావు గొట్టాల ద్వారా ఎగ్జాస్ట్ చుట్టూ ఉన్న ఉష్ణమార్పిడి పెట్టెలకు వెళ్ళి, అక్కడ కాగి లోపలికి రావడం మొదలైంది. కాబట్టి వెనకనున్న ఇంజను మూత ఎత్తి, ఫ్యాను గృహానికి రెండు పక్కలా లావు గొట్టాలు తగిలే మూతులున్నాయా అని చూస్తే సగం పని అయిపోతుంది. మిగతా సగం క్యాబిన్‌లో ఉంది. గేరు కడ్డీ దగ్గర తిప్పే గుండ్రని బొత్తం 1964 మోడల్ వరకు ఉండేది. 1965 మోడల్ నుంచి చేతి బ్రేకుకు అటూ ఇటూ రెండు మీటలు వచ్చాయి. బొత్తం ఉండి, ఇంజనుకు తాజాగాలి మూతులుంటే అది 1963, 1964 మోడల్ కావచ్చు, లేదా పాత బండికి కొత్త ఇంజను వచ్చి ఉండవచ్చు; ఇంజను సంఖ్యతో తేల్చుకోవాలి.

ముట్టుకునే ముందు జాగ్రత్త

ఫోర్డ్ మోడల్ ఏ వంటి బండ్లకు వాడిన మానిఫోల్డ్ హీటర్లు గుర్తించడానికి సులువు: మానిఫోల్డును కప్పే ఇనుప తొడుగు, ఫైర్‌వాల్‌లో చిన్న తలుపు. వీటికి కొత్త నకళ్ళు కూడా తయారవుతున్నాయి, కనుక పోత లోహపు గరుకుతనం, లోపలి మసి చూడండి. మానిఫోల్డుకు పగులుంటే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా క్యాబిన్‌లోకి వస్తుంది కాబట్టి తలుపు మూసి ఉంచడమే మేలు. ఫోక్స్‌వ్యాగన్‌లలో కనిపించే ఎబర్‌స్పాకర్, అమెరికన్ కార్లలో కనిపించే స్టూవర్ట్-వార్నర్ సౌత్ విండ్ వంటి పెట్రోలు హీటర్లను పరీక్ష కోసమైనా వెలిగించవద్దు. ఈ రెండు రకాలలోనూ తెల్లని నారలాంటి వేడినిరోధక పొర ఆస్‌బెస్టాస్ అయ్యే అవకాశం ఉంది. దాన్ని బ్రష్షుతో రుద్దకండి, ఊదకండి, తడిపి అలాగే వదిలేయండి. నీటి కోరును ఒత్తిడితో పరీక్షిస్తే 7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటనివ్వకండి, పాత సోల్డరు అంతకుమించి ఓర్వకపోవచ్చు.

కాగితాలు, బజారు

ఇంగ్లండులో గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం పాత బ్రిటిష్ కార్లకు హెరిటేజ్ ధ్రువపత్రాలు ఇస్తుంది. పూర్తిగా తయారై వచ్చిన బండికి హీటరు ఉందో లేదో అందులో దొరకవచ్చు. విడి భాగాల కిట్టుగా ఓడలో వచ్చి ఇక్కడ కూర్చిన బండికి ఆ పత్రం అంతగా ఉపయోగపడదు, ఎందుకంటే కూర్పు ఇక్కడ జరిగింది. ఫోక్స్‌వ్యాగన్‌కు జర్మనీలో వోల్ఫ్స్‌బర్గ్‌లోని కార్ల మ్యూజియం జన్మపత్రం ఇస్తుంది. విడిభాగాల పుస్తకాలలో ఫలానా చాసిస్ సంఖ్య నుంచి ఫలానా భాగం అని రాసి ఉండే మార్పుస్థానాలు వీటన్నిటికన్నా నిత్యం పనికివస్తాయి. మన దగ్గర పాత రిజిస్ట్రేషన్ పుస్తకంలో తొలి యజమాని చిరునామా ఊటీనో, కూనూరో అయితే హీటరు ఉండటానికి కారణం దొరికినట్టే; సముద్రమట్టానికి 2200 మీటర్లకు పైన ఉన్న ఊటీలో జనవరి తెల్లవారుజామున నీళ్ళు గడ్డకట్టే చలి కూడా ఉంటుంది.

చెన్నైలో పుదుపేట, జనరల్ ప్యాటర్స్ రోడ్డు, బెంగళూరులో జేసీ రోడ్డు, శివాజీనగర్ గుజిరీ సందులలో ఇంకా ఊడదీసిన హీటర్లు అప్పుడప్పుడు దొరుకుతాయి. అమ్మేవారు ఏ బండిదైనా మీ బండికే సరిపోతుందంటారు. మీరు మాత్రం మీ ఫైర్‌వాల్ రంధ్రాల మధ్య దూరాలను అట్టముక్క మీద గీసుకుని వెళ్ళండి. హీటరు బిగింపు చెవులు ఆ గీతలకు సరిపోతేనే బేరం మొదలుపెట్టండి. కొట్టు పెద్దాయనను ఆ హీటరు ఏ బండి నుంచి తీశారో, ఆ బండి ఇంకా అక్కడే ఉందో అడగండి. ఉంటే దాని ఫైర్‌వాల్‌ను, కుళాయిని, డ్యాష్‌బోర్డు స్విచ్చిని ఫొటో తీసుకోండి, వీలైతే అవి కూడా కలిపి కొనండి. వైరును కొట్టు దగ్గరే కత్తిరించనివ్వకండి. చివరి కనెక్టరుతో సహా విప్పించుకోండి. ఇంటికి తెచ్చాక పలక సంఖ్య, మోటారు తేదీ, మరల కొలతలు, కొన్న చోటు, కొన్న తేదీ ఒక కాగితం మీద రాసి హీటరు కేసులో పెట్టి, బండి పుస్తకంలో ఇంకొక ప్రతి ఉంచండి. బిగించాలని నిశ్చయించుకుంటే, ఊడదీసిన మూతబిళ్ళలనూ, మూతపలకనూ, వాటి స్టడ్లనూ గుడ్డసంచిలో కట్టి, ఏది ఎక్కడిదో చీటీ రాసి ఆ బండితోనే భద్రపరచండి.